ఏడు రేకుల ముగ్గు

జామెట్రీ పెట్టె అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఓ రేకుపెట్టె, అందులో మొండి పెన్సిలూ, కొరికిన రబ్బరూ, పరీక్షల ముందు అమ్మ పెట్టిన దేవుడి పటమూను. కాంపసుతో సున్నాలు చుట్టినదాని కంటే దాని ముల్లుతో బెంచీ మీద పేరు చెక్కిందే ఎక్కువ! పదో తరగతి గట్టెక్కగానే ఆ పెట్టె తమ్ముడి పాలైనా అవుతుంది, లేదా సూదులూ బొత్తాలూ దాచుకునే కుట్టుపెట్టెగా అవతారం మారుస్తుంది. దాంతో జామెట్రీకీ మనకీ రుణం తీరిపోయిందని అనుకుంటాం.

తీరలేదండీ. తెల్లారి లేచి వాకిట్లో ముగ్గు పెడుతున్నంత కాలం అది తీరేది కాదు.

ఒక మాట గమనించారా? ఇల్లు కట్టడం మొదలెట్టేటప్పుడు మేస్త్రీ వచ్చి నాలుగు మూలలా మేకులు కొట్టి, వాటికి తాడు లాగి కట్టి, ఆ తాడు వెంబడి సున్నం పోసుకుంటూ పోతాడు. పునాది ఎక్కడ తవ్వాలో కూలీలకి ఆ గీతే చెబుతుంది. దీన్నేమంటారు? ‘ముగ్గు పోయడం’ అంటారు. ఆడవాళ్ళు వాకిట్లో పెట్టేదీ, మేస్త్రీ స్థలంలో పోసేదీ రెండూ ముగ్గే. మూల సరిగ్గా వచ్చిందా లేదా అని చూడటానికి అతను ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వచ్చిందో లేదో చూస్తాడు. వస్తే మూల కుదిరినట్టు. ఆ లెక్కకి పైథాగరస్ పేరుందని అతనికి తెలియక్కర్లేదు. గోడ నిటారుగా నిలబడితే చాలు.

బళ్ళో చెప్పిన జామెట్రీకి గ్రీకులు ఒక చిత్రమైన నియమం పెట్టారు. చేతిలో రెండే వస్తువులు ఉండాలి. ఒకటి, అంగుళాలూ సెంటీమీటర్లూ ఏమీ లేని బోడి బద్ద. రెండోది, సున్న చుట్టే కాంపసు. కొలవడం అనే మాటే లేదు. గీత గీయాలి, సున్న చుట్టాలి, అవి ఎక్కడ కలుసుకున్నాయో చూసుకోవాలి. అంతే. అంకె అక్కర్లేకుండా రెండు దూరాలు సమానమని చెప్పగలగడమే ఈ విద్య మొత్తం. కాంపసు లేనివాడు ఏం చెయ్యాలి? ఒక మేకు, ఒక తాడు. మేకు పాతి, తాడు బిగించి, చుట్టూ తిరిగితే సున్న. రెండు మేకుల మధ్య తాడు లాగితే గీత.

ఈ సంగతి కళ్ళారా చూడాలంటే పలాస దాటి ఉద్దానం తోటల్లోకి వెళ్ళాలి. ఉద్యానవనమే వాడుకలో ఉద్దానం అయిందంటారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యన కొబ్బరీ జీడీ పనసా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగ్గా ఈ పలాస దగ్గరే తీరం దాటింది. తాతలు పెట్టిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో మొదలంటా కూలిపోయాయి. కూలిన తోటని మళ్ళీ వెయ్యాలంటే మొట్టమొదట కావలసింది మొక్క కాదు. గొయ్యి ఎక్కడ తవ్వాలన్న లెక్క.

కొబ్బరి తోట వెయ్యడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది చదరంగం గళ్ళలాగా నిలువుగా అడ్డంగా వరసలు తియ్యడం. చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు వదిలితే ఎకరానికి 70 చెట్లు పడతాయి. రెండోది త్రికోణ పద్ధతి. ఇందులో ప్రతి మూడు చెట్లూ ఒకదానికొకటి సమదూరంలో ఉంటాయి. అదే 25 అడుగులు వదిలినా ఎకరానికి 80 చెట్లు పడతాయి. ఎడం తగ్గలేదు, నేల పెరగలేదు, పది చెట్లు ఎక్కువ! ఎలాగంటే, రెండో వరస చెట్లు మొదటి వరస సందుల్లోకి జరుగుతాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య 25 అడుగులు అక్కర్లేదు. 21 అడుగుల 8 అంగుళాలు చాలు. ఈ దూరం కాస్త గుర్తుంచుకోండి, చివర్లో దీంతో మనకి పనుంది.

మరి ఆ మూడో గొయ్యి ఎక్కడ తవ్వాలి? మొదటి రెండు గోతుల దగ్గరా చెరో మనిషి 25 అడుగుల తాడు కొస పట్టుకుని నిలబడతారు. మూడో మనిషి రెండు తాళ్ళ రెండో కొసలూ కలిపి బిగించి లాగుతాడు. ఎక్కడ కలిస్తే అక్కడ గొయ్యి. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నగరంలో యూక్లిడ్ రాసిన జామెట్రీ గ్రంథంలో మొట్టమొదటి పాఠం అచ్చంగా ఇదే. ఒక గీత ఇస్తే దాని మీద సమబాహు త్రిభుజం గీయడం ఎలా అని. రెండువేల మూడొందల ఏళ్ళుగా ప్రపంచమంతా పిల్లలు బట్టీ పట్టిన పాఠం! ఉద్దానంలో అది గునపంతో చెప్పే పాఠం. ఆ పూట తాడు వదులైతే వచ్చే నష్టం పరీక్షలో రెండు మార్కులు కాదు. కొబ్బరి కాపుకి రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది. ఆ తర్వాత అది అరవై ఏళ్ళయినా నిలబడుతుంది. వరస తప్పిన చెట్టు అన్నేళ్ళూ పక్క చెట్టుతో వెలుతురు కోసం పోట్లాడుతూనే ఉంటుంది.

ఇదంతా గ్రీకుల దగ్గర నేర్చుకున్నదా అంటే, మన పెళ్ళిళ్ళలోనే దానికి జవాబు వినిపిస్తుంది. పురోహితులు ప్రవర చెప్పేటప్పుడు గోత్రంతో పాటు ‘ఆపస్తంబ సూత్రం’ అన్న మాట చాలామంది వినే ఉంటారు. తెలుగుదేశంలో వైదిక కుటుంబాలు ఎక్కువగా పాటించే సూత్రం అది. పెళ్ళి ఎలా చెయ్యాలో, ధర్మం ఏమిటో చెప్పే ఆ పెద్ద గ్రంథంలో మొత్తం 30 ప్రశ్నలు, అంటే భాగాలు. ముప్పయ్యోది, ఆఖరిది, శుల్బసూత్రం. శుల్బం అంటే తాడు! వరుడి ప్రవర వింటూ మనం అక్షింతలు పట్టుకుని నిలబడ్డ వేళ తాడుతో జామెట్రీ చెప్పిన పుస్తకం పేరు మన చెవిన పడుతోందన్నమాట.

యజ్ఞవేదికలు కట్టడానికి ఆ తాడు. ఇంట్లో మూడు అగ్నులు ఉంచుకునేవారికి ఒక గుండం గుండ్రంగా, ఒకటి చతురస్రంగా, ఇంకొకటి అర్ధచంద్రాకారంగా ఉండాలి. మూడింటి వైశాల్యం మాత్రం ఒక్కటే కావాలి. ఆకారం వేరైనా అందరికీ సమానంగా వడ్డించమన్నట్టు! గద్ద ఆకారపు వేదికైతే ఇటుకలు ఐదు వరసలు, వరసకి 200. కొలత ఏమిటంటే, యజ్ఞం చేసే మనిషి చేతులు పైకెత్తి నిలబడితే ఎంత ఎత్తో అది ఒక పురుషప్రమాణం. పొడుగాయనకి పెద్ద వేదిక, పొట్టాయనకి చిన్న వేదిక. కొలత మనిషిని బట్టి మారిపోతుంది, గీసే పద్ధతి మాత్రం మారదు. అంకె లేని విద్యకి విలువ ఇక్కడే తెలుస్తుంది. చిన్న కొలతలకి వాళ్ళు వంటింటినే ఆశ్రయించారు. బౌధాయనుడి శుల్బసూత్రం ప్రకారం 34 నువ్వుగింజలు పక్కపక్కన పేరిస్తే ఒక అంగుళం. ఈ గ్రంథాల గురించి జార్జి థీబో అనే పండితుడు 1875లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో విపులంగా రాశాడు. మనవాళ్ళ తాడు సంగతి లోకానికి బాగా తెలిసింది ఆ తర్వాతే.

చతురస్రానికి సమానమైన సున్న చుట్టడం అనుకున్నంత సులువు కాదు. శుల్బకారులు చెప్పిన ఉపాయం ఇది. చతురస్రం నడిబొడ్డున మేకు కొట్టి మూలదాకా తాడు లాగండి. ఆ తాడునే పక్కకి తిప్పితే చతురస్రం అంచు దాటి కొంత మిగులుతుంది. ఆ మిగులులో మూడోవంతు మాత్రం ఉంచుకుని సున్న చుట్టండి. లెక్క కట్టి చూస్తే తేడా నూటికి రెండుపాళ్ళ లోపే. గ్రీకులూ ఇదే చిక్కుతో తలపట్టుకున్నారు, కాకపోతే వాళ్ళకి రవ్వంత తేడా కూడా పనికిరాదు. చివరికి 1882లో లిండెమన్ అనే జర్మన్ గణితవేత్త, బద్దా కాంపసులతో అది ఎప్పటికీ సాధ్యం కాదని రుజువు చేసి అందరికీ విశ్రాంతి ఇచ్చాడు. వేదిక కట్టినవాడికి మాత్రం అప్పటిదాకా ఆగే వీలు లేదు కదా! అగ్ని చల్లారకముందే ఇటుక పడాలి.

ఇప్పుడు పలాస నించి టెక్కలి మీదుగా దక్షిణానికి, శ్రీకాకుళం దాకా వద్దాం. ఊరిని ఆనుకునే అరసవల్లి. 7వ శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే సూర్యనారాయణస్వామి గుడి. ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2, 3 తేదీల్లోనూ పొద్దున్నే సూర్యకిరణాలు అనివెట్టి మండపం మీదుగా సాగి స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టకుండా ఉంటే చాలని జనం తెల్లవారుజామునే బారులు తీరతారు.

ఏడాదికి రెండుసార్లే ఎందుకు? దీనికీ తాడూ మేకే జవాబు చెబుతాయి. దిక్కులు కనుక్కోవడానికి కాత్యాయనుడి శుల్బసూత్రంలో ఒక పద్ధతి ఉంది. చదునైన నేల మీద ఒక కర్ర నిలబెట్టాలి. ఆ కర్ర పొడుగంత తాడుతో దాని చుట్టూ సున్న చుట్టాలి. పొద్దున కర్ర నీడ పొడుగ్గా ఉండి, పొద్దెక్కేకొద్దీ కురచ అవుతూ ఒక చోట సున్నని తాకి లోపలికొస్తుంది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ పెరిగి ఇంకోచోట సున్నని తాకి బయటికి పోతుంది. ఆ రెండు చోట్లా మేకులు కొట్టి కలిపితే అదే తూర్పు పడమరల గీత! ఆపైన ఆ రెండు మేకులకీ ఒక తాడు కొసలు తగిలించి, నడిమధ్య పట్టుకుని ఒకసారి దక్షిణానికీ ఇంకోసారి ఉత్తరానికీ బిగించి లాగితే ఆ గీత కూడా వచ్చేస్తుంది. దిక్సూచి అక్కర్లేదు, లెక్కలు అసలే అక్కర్లేదు.

అరసవల్లిలో జరిగేదీ ఇలాంటిదే, రోజుకి బదులు ఏడాది. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. ఉత్తరాయణంలో ఉత్తరానికి జరుగుతూ, దక్షిణాయనంలో దక్షిణానికి జరుగుతూ ఉంటాడు. మార్చి మూడో వారంలోనూ, సెప్టెంబరు నాలుగో వారంలోనూ మాత్రం నికరమైన తూర్పున ఉదయిస్తాడు. ఆ మొదటి రోజుకి సుమారు పది రోజుల ముందూ, రెండో రోజుకి సుమారు పది రోజుల తర్వాతా సూర్యుడు ఇంచుమించు ఒకే చోట, తూర్పుకి రవ్వంత దక్షిణంగా ఉంటాడు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. ద్వారం ఆ చోటుకే ఎదురుగా ఉంటే కిరణం రెండుసార్లు లోపలికొస్తుంది. నీడ రోజులో రెండుసార్లు సున్నని తాకినట్టే! ఇది తెలిశాక ఆ పాదాల మీద వెలుగు మహిమ తగ్గుతుందని నేననుకోను. తెల్లవారుజామున లేచి నీడని కనిపెట్టుకుని కూచున్న ఆ మేకు కొట్టినవాడికి కూడా ఒక దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అక్కణ్ణించి కళింగపట్నం వైపు వెళితే వంశధార ఒడ్డున సాలిహుండం కొండ. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన మన గిడుగు రామమూర్తిగారే 1919లో ఈ బౌద్ధక్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. కొండ మీద గుండ్రటి స్తూపాల పునాదులు ఇటుకల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో ఒకటి బండిచక్రంలా ఆకులతో కట్టినది. లోపలి ఆకుల గోడలు బరువు మోస్తాయి, చూపుకి ధర్మచక్రం కనిపిస్తుంది. అంత సున్నకి ఏ కాంపసు సరిపోతుంది? నడుమ మేకూ, చేతిలో తాడూ, చుట్టూ నడిచే రెండు కాళ్ళూ ఉంటే తప్ప.

చక్రం అంటే మరో ముచ్చట. గంగరాజుల పాత రాజధాని కళింగనగరం ఈ జిల్లాలోని ముఖలింగమేనని చాలామంది చరిత్రకారుల మాట. తర్వాత రాజధాని కటకానికి మారింది. 13వ శతాబ్దంలో ఆ వంశపు నరసింహదేవుడే కోణార్కలో సూర్యుడికి రాతిరథం చెక్కించాడు. రథానికి గుర్రాలు ఏడు. చక్రాలు 24. చక్రానికి ఆకులు మాత్రం ఎనిమిది లావువీ, ఎనిమిది సన్ననివీ, మొత్తం 16.

ఏడు గుర్రాల స్వామికి ఏడు ఆకుల చక్రం ఎందుకు పెట్టలేదు? ఎనిమిది అంటే అష్టయామాలని పెద్దలు చెబుతారు. శిల్పి మనసులో ఏముందో నేను చెప్పను గానీ, అతని తాడు మాత్రం ఏడుకి ఒప్పుకోదు. సున్నని రెండు చెయ్యడం సులువు. నాలుగు, ఎనిమిది, పదహారు, ప్రతిసారీ సగం చేసుకుంటూ పోవడమే. సున్న చుట్టిన తాడుతోనే అంచు వెంబడి గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరుసార్లకి మొదటి గుర్తుకే వచ్చి చేరుతుంది. మన ఆరు రేకుల పువ్వు ముగ్గు అదే. ఐదూ కాస్త కష్టపడితే వస్తుంది. 1796లో ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండని గౌస్ అనే జర్మన్ కుర్రవాడు 17 కూడా సాధ్యమేనని కనిపెట్టి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. ఏడు మాత్రం ఎవరికీ లొంగలేదు. అది బద్దా కాంపసులతో కచ్చితంగా వచ్చేది కాదని 1837లో వాంట్సెల్ అనే ఫ్రెంచి యువకుడు రుజువు చేశాడు. చేతకానితనం వేరు, సాధ్యం కాదని తెలుసుకోవడం వేరు. ఆ తేడా తెలియడానికి మనుషులకి రెండువేల ఏళ్ళు పట్టింది.

అలాగని రథసప్తమికి ఏడు రేకుల ముగ్గు మానుకుందామా? ఇదిగో ఉపాయం. ఒక అడుగు దారంతో సున్న చుట్టండి. అదే దారంతో అంచు మీద ఆరు గుర్తులు పెట్టండి. ఒక గుర్తు నించి మధ్యది వదిలి ఆ పక్క గుర్తుదాకా ఇంకో దారం లాగి, దాన్ని సగానికి మడవండి. ఆ సగం దారంతో అంచు వెంబడి కొత్తగా ఏడుసార్లు నడవండి. ఏడో గుర్తు దాదాపు మొదటి గుర్తు మీదికే వస్తుంది. తేడా అంగుళంలో ఆరోవంతు, ముగ్గు గీత లావులో కలిసిపోతుంది. ఈ సగం దారం ఏమిటో తెలుసా? ఉద్దానం తోటలో వరసకీ వరసకీ మధ్య గుర్తుంచుకోమన్న ఆ దూరమే. చెట్ల ఎడం 25 అడుగులైతే వరసల ఎడం 21 అడుగుల 8 అంగుళాలు. సున్న చుట్టిన దారం ఒక అడుగైతే ఇది పదింబావు అంగుళాలకి కాస్త ఎక్కువ. పాళ్ళు ఒక్కటే.

ఇలాంటివి మన చేతుల్లో ఇంకెన్ని ఉన్నాయో! పిల్లకి గొడుగు లంగా కుట్టేటప్పుడు గుడ్డని నాలుగు మడతలు పెట్టి, టేపు ఒక కొస మూల దగ్గర వేలితో నొక్కి, రెండో కొసన సుద్దముక్క పట్టి చుట్టూ తిప్పుతాం. నడుము 25 అంగుళాలైతే మూల నించి నాలుగంగుళాల దగ్గర మొదటి గీత. ఎందుకు నాలుగు అంటే, నడుము కొలతని ఆరింబావుతో భాగించమని కుట్టు టీచరు చెప్పింది. ఆ ఆరింబావు యజ్ఞవేదికల వాళ్ళనీ గ్రీకులనీ ఏడిపించిన సున్న లెక్కే!

తేడా ఎక్కడొచ్చిందంటే, రాయడంలో వచ్చింది. వేదిక గీసినవాళ్ళకి సూత్రగ్రంథం ఉంది. గ్రీకులకి యూక్లిడ్ ఉన్నాడు. స్తూపం చుట్టూ తాడు పట్టుకు తిరిగిన మనిషి పేరు లేదు, కోణార్క చక్రం గీసిన చేతి పేరు మనకి తెలియదు, వాకిట్లో పెట్టిన ముగ్గు మర్నాటి పొద్దున్న చీపురుతో పోతుంది. రాసిపెట్టనిది విద్య కాదనుకుని మనమే మన ఆడపిల్లలతో ‘లెక్కలు నీకెందుకులే’ అనేస్తున్నాం. చుక్కలు లెక్కపెట్టి, మెలిక తప్పకుండా, చేతి నించి పిండి జారుతుండగా ఎక్కడా చెరపకుండా గీసే పిల్లకి జామెట్రీ రాదని ఎలా అనగలం?

ఈసారి రథసప్తమికి పొయ్యి మీద పాలు పొంగేలోగా కూతుర్నో కోడల్నో పిలిచి దారం రెండో కొస పట్టుకోమనండి. ఏడో రేకు దగ్గర ఆ రవ్వంత తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పండి. మరీ చిన్నపిల్ల అయితే ‘ఎందుకు సరిగ్గా రాదు?’ అని అడుగుతుంది. అడగనివ్వండి.